కంపెనీ గేటు ముందు కొట్టు

లెక్క చూద్దాం: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకటే గోడు. ఫలానా కంపెనీ ఉంటే మేముంటాం, అది కదిలితే మా గతేంటి అని. బెంగళూరులో పీణ్యా పారిశ్రామికవాడ పక్కన బ్యాంకులో చిన్న పరిశ్రమల అప్పులు చూసి రిటైరైనదాన్ని కాబట్టి ఇలాంటి కథలు చాలా విన్నాను. ఐదు ఉత్తరాలు ఏరి జవాబులు రాశాను. పేర్లు వేయొద్దన్నారు, వేయలేదు.

*మేడమ్, మాది ఉదయగిరి దగ్గర పల్లెటూరు. నేనూ మా బావమరిదీ కలిసి బెంగళూరు మారతహళ్ళిలో పీజీ (పేయింగ్ గెస్ట్ హాస్టల్) నడుపుతున్నాం. మా దగ్గరుండే పిల్లల్లో ముప్పావు మంది పక్క టెక్ పార్కులో రెండు కంపెనీల్లో పనిచేస్తారు. ఇప్పుడు ఆ పార్కు గేటుకి ఎదురుగానే 90 బెడ్ల బిల్డింగ్ లీజుకి వచ్చింది. నెలకి 4 లక్షల అద్దె, 40 లక్షల అడ్వాన్సు. మా దగ్గర 10 లక్షలున్నాయి. మిగతా 30 ఊళ్ళో నూటికి రెండు రూపాయల వడ్డీకి దొరుకుతాయి. బెడ్డుకి సగటున 10,000 వస్తుంది. తిండికి మనిషికి 2,800 దాకా పడుతుంది. జీతాలు 70 వేలు, కరెంటు, నీళ్ళు, గ్యాసు, నెట్టు కలిపి 80 వేలు. ఓనరు వారంలో చెప్పమంటున్నాడు. తీసుకోమంటారా?*

బాబూ, ఖర్చులన్నీ రాసి పంపావు, సంతోషం. చాలామంది అద్దె ఒక్కటే రాసి జ్యోతిష్యం అడుగుతారు.

మనిషి ఉన్నా లేకపోయినా కట్టాల్సినవి ముందు కూడదాం. అద్దె 4 లక్షలు, జీతాలు 70 వేలు, కరెంటూ అవీ 80 వేలు, 30 లక్షలకి నెల వడ్డీ 60 వేలు. మొత్తం 6 లక్షల 10 వేలు. ఒక్కో బెడ్డు మీద తిండి పోను మిగిలేది 7,200. దాంతో భాగిస్తే 85 బెడ్లు. అంటే 90లో 85 నిండితే నీకు నష్టం లేదు, లాభమూ లేదు. ఆరో బెడ్డు ఖాళీ అయిందంటే చేతి నుంచి పడుతుంది. తొంభైకి తొంభై నిండిన నెలలో మిగిలేది 38 వేలు. నువ్వూ బావమరిదీ పంచుకుంటే తలా 19 వేలు. మీ వంటమాస్టర్‌కి మీరిచ్చే జీతం అంతకంటే ఎక్కువే ఉంటుందనుకుంటా.

ఇక గేటు సంగతి. గేటుకి ఎదురుగా ఉందన్నదే ఆ బిల్డింగుకి ఓనరు చెప్పుకునే గొప్ప. 2020 మార్చి 25న లాక్‌డౌన్ పెట్టినప్పుడు ఆ గేటు ఏమైందో మారతహళ్ళిలో ఉన్నవాడివి, నేను చెప్పక్కర్లేదు. పిల్లలు బ్యాగులు గదుల్లోనే వదిలేసి ఊళ్ళకెళ్ళారు. ఇంటి నుంచే పని చేయమని కంపెనీలు ఒక్క మెయిల్ పెట్టాయి, అయిపోయింది. పీజీల అద్దె అగ్రిమెంట్లు ఏ మెయిల్‌తోనూ ఆగలేదు. వెళ్ళిన పిల్లలు పూర్తిగా తిరిగి రావడానికి రెండేళ్ళ దాకా పట్టింది. ఆ మధ్య ఎంతమంది మన నెల్లూరు, ప్రకాశం, కడప వాళ్ళు అడ్వాన్సులో అద్దె విరగ్గోసుకుని, మంచాలూ పరుపులూ వచ్చిన రేటుకి అమ్ముకుని ఊరెళ్ళారో నీకే బాగా తెలుసు.

ఒక సంగతి గమనించు. పార్కులో ఆఫీసు తీసుకునే కంపెనీ, ఎన్నేళ్ళు కట్టుబడి ఉంటుందో, ఎన్ని నెలల నోటీసుతో ఖాళీ చేయొచ్చో లాయర్లతో రాయించుకుని మరీ వస్తుంది. దాన్ని నమ్ముకుని ఎదురుగా పీజీ పెట్టేవాడు మాత్రం ఓనరు ఇచ్చిన కాగితం మీద చూడకుండా సంతకం పెడతాడు. వెళ్ళే దారి పెద్దవాడికి ఉంటుంది, చిన్నవాడికి ఉండదు. నీ చేతిలో ఉన్నది అది సరిచేసుకోవడమే. అడ్వాన్సు ఆరు నెలల అద్దెకి, అంటే 24 లక్షలకి దించమను. మూడు నెలల నోటీసుతో ఖాళీ చేసే హక్కు రాయించు. పెయింటింగ్ పేరుతో అడ్వాన్సులో ఎంత కోస్తాడో అంకె వేయించు. గదుల కొలతలు నువ్వే టేపు పెట్టి చూడు. 2024లో అప్పటి బెంగళూరు నగరపాలక సంస్థ బీబీఎంపీ పీజీలకి పెట్టిన నిబంధనల్లో మనిషికి కనీసం 70 చదరపు అడుగులు ఉండాలన్నారు. ఓనరు లెక్కలో త్రీ షేరింగ్ అన్న గది నీ టేపు లెక్కలో టూ షేరింగ్ అయితే 90 బెడ్లు కాస్తా 65 అవుతాయి. పైన వేసిన లెక్కంతా గాలికి పోతుంది. జీఎస్టీ టెన్షన్ మాత్రం పెట్టుకోవద్దు. 2024లో కౌన్సిల్ తీసుకున్న నిర్ణయం ప్రకారం నెలకి మనిషికి 20,000 లోపు ఉండి, 90 రోజులు తగ్గకుండా ఉండేవాళ్ళ మీద పన్ను లేదు.

ఊరి అప్పు గురించి కూడా ఒక మాట. నూటికి రెండు అంటే ఏడాదికి 24 శాతం. ఆ డబ్బు ఇచ్చేది మేనత్తో, పొలం అమ్మిన పెదనాన్నో అయి ఉంటారు. మారతహళ్ళి ఎటుందో కూడా వాళ్ళకి తెలియకపోవచ్చు. అయినా అక్కడ ఒక కంపెనీ మూడు అంతస్తులు ఖాళీ చేస్తే ఉదయగిరి దగ్గర పెళ్ళి ఆగుతుంది.

ఇప్పుడున్న షరతుల మీదైతే వద్దు. ఓనరు దిగొస్తే మళ్ళీ రాయి. లేదంటే ఆసుపత్రి, నర్సింగ్ కాలేజీ, కోచింగ్ సెంటర్లు ఉన్న వైపు 40 బెడ్లది చూడు. అక్కడ బెడ్డుకి వెయ్యి తక్కువొచ్చినా పిల్లలంతా ఒకే రోజు ఖాళీ చేయరు.

*నమస్కారమండీ. అనంతపురంలో పాలిటెక్నిక్ చదివి 1994లో పీణ్యా వచ్చాను. సెకండ్ స్టేజ్‌లో కంప్యూటర్ మెషీన్లతో లోహ భాగాలు కోసే సొంత సీఎన్‌సీ షాపు, 22 మంది పనివాళ్ళు. ఆర్డర్లలో 80 శాతం ఒకే విడిభాగాల కంపెనీవి, అన్నీ డీజిల్ ఇంజన్‌కి సంబంధించినవి. ఏటా రేటు తగ్గించమంటారు. బిల్లు 100 రోజులైతే గానీ రాదు. ఇప్పుడు కొత్త పార్టు కోసం లోహాన్ని చెక్కే 45 లక్షల వీఎంసీ మెషీన్ కొనమంటున్నారు. పర్చేజ్ ఆర్డరు మాత్రం ఏడాదికే ఇస్తారట. కొనకపోతే ఉన్న పని కూడా పోతుందేమోనని నిద్ర పట్టడం లేదు.*

ఏడాది ఆర్డరు చూసుకుని ఐదేళ్ళ వాయిదాలకి సంతకం పెట్టమంటున్నారన్నమాట. నిద్ర పట్టకపోవడమే మంచిది లెండి.

నేనుండేది మత్తికెరెలో. ఇటు బీఈఎల్, అటు జాలహళ్ళిలో హెచ్‌ఎంటీ. స్వాతంత్ర్యానికి ముందే 1940లో వచ్చిన విమానాల హెచ్‌ఏఎల్, తర్వాత 1948లో టెలిఫోన్ల ఐటీఐ, 1953లో మెషీన్ల హెచ్‌ఎంటీ, 1954లో ఎలక్ట్రానిక్స్ చేసే బీఈఎల్, ఇవే బెంగళూరుని లేత్ మెషీన్ల ఊరుగా చేశాయి. పీణ్యాలో చాలా షెడ్లు వీటికి చిన్న చిన్న భాగాలు చేసిపెడుతూ ఎదిగినవే. 1961లో జపాన్ సిటిజన్ కంపెనీ సాయంతో హెచ్‌ఎంటీ వాచీలు మొదలుపెట్టింది. మా తరంలో అల్లుడికి హెచ్‌ఎంటీ వాచీ పెట్టకుండా పెళ్ళి జరిగితే చుట్టాలు అడిగేవాళ్ళు. 1984లో టైటాన్ పుట్టింది, బ్యాటరీతో నడిచే క్వార్ట్జ్ వాచీలతో మార్కెట్ అటు తిరిగింది. ఆ పోటీలో హెచ్‌ఎంటీ వెనకబడి, ఏళ్ళ తరబడి నష్టాల్లో నడిచి, చివరికి 2016 జనవరిలో కేంద్ర మంత్రివర్గం వాచీల కంపెనీ మూసేయడానికి ఒప్పుకుంది. అందులో పనిచేసేవాళ్ళకి స్వచ్ఛంద పదవీ విరమణ ప్యాకేజీ ఇచ్చారు. ఇలా పెద్ద ఫ్యాక్టరీ ఏది మూతపడినా, బయట షెడ్లలో దానికి భాగాలు చేసినవాళ్ళ పేర్లు ఏ ప్యాకేజీలోనూ ఉండవు.

నా ఉద్యోగంలో ఒక షెడ్డు తనిఖీకి వెళ్ళాను. అది ఒక పెద్ద ప్రభుత్వ రంగ ఫ్యాక్టరీకి (దాని పేరు ఇక్కడ వద్దు) భాగాలు చేసే యూనిట్. స్టాకు విలువ కాగితం మీద బాగానే ఉంది. షెడ్డులో ప్లాస్టిక్ ట్రేలనిండా నూనె కారుతున్న భాగాలు, ప్రతి ట్రేకి ఫ్యాక్టరీ వారి పసుపు రంగు ట్యాగు. కొలిచే గేజులు ఒక చెక్కపెట్టెలో ఉన్నాయి, వాటి మీదా ఫ్యాక్టరీ గుర్తే చెక్కి ఉంది. డ్రాయింగు వాళ్ళది, భాగాన్ని బిగించి పట్టే ఫిక్చరు వాళ్ళది, ఉక్కు కడ్డీ కూడా వాళ్ళు పంపిందే. "ఈ పీసులు ఇంకెవరికైనా అమ్మొచ్చా?" అని అడిగాను. "అమ్మొచ్చు మేడమ్, గుజిరీ కొట్టులో కిలో లెక్కన" అని నవ్వాడాయన. బ్యాంకు దృష్టిలో అది లక్షల స్టాకు. ఆ ఫ్యాక్టరీ వద్దంటే అది తుక్కు.

చిక్కంతా ఇక్కడే ఉంది. ఎవరూ ఒక్కరోజులో ఒకే కంపెనీకి తాకట్టు పడరు. మొదట వాళ్ళ ఫిక్చరు వస్తుంది. దానికి తగ్గట్టు మన మెషీన్ ఉంటుంది. ఆ మెషీన్‌కి తగ్గట్టు మన కుర్రాడి పనితనం తయారవుతుంది. పర్చేజ్ ఆర్డరు మీద పెద్ద పేరు చూసి బ్యాంకులు అప్పిస్తాయి. ఆ అప్పు తీర్చడానికి మళ్ళీ అదే ఆర్డరు కావాలి. కొన్నేళ్ళయ్యాక చూసుకుంటే ఇంజన్లో మన భాగం ఎక్కడ కూర్చుంటుందో కూడా మనకి తెలియదు, కొనేవాడి పర్చేజ్ మేనేజరు పుట్టినరోజు మాత్రం తెలుసు. అద్దె ఇంట్లో బావి తవ్వుకున్నట్టు ఉంటుంది ఆ పెట్టుబడి.

అదే వీధిలో హిందూపురం ఆయన ఒకరుండేవారు. ఆయనదీ అదే ఫ్యాక్టరీ పని. కానీ ఒక మెషీన్ మాత్రం ఎప్పుడూ బయటివాళ్ళకే కేటాయించేవారు. అచ్చులు, రిపేరు పనులు, ఎవరికో రెండు షాఫ్టులు, ఇంకెవరికో పది బుష్షులు. లాభం తక్కువ, తలనొప్పి ఎక్కువ. "ఈ చిల్లర పనులెందుకు?" అని పక్క షెడ్లవాళ్ళు ఎగతాళి చేసేవారు. ఫ్యాక్టరీ ఆర్డర్లు తగ్గినప్పుడు ఆయన ఆ చిల్లర పనులు ఇచ్చినవాళ్ళ దగ్గరికే వెళ్ళి పెద్ద పనులు అడిగారు. తర్వాత విమాన భాగాల పని కూడా దొరికింది. ఎగతాళి చేసినవాళ్ళలో ఒకరు ఆయన దగ్గరే సూపర్‌వైజరుగా చేరారు.

మీ విషయంలో ఇంకో మెలిక ఉంది, డీజిల్. 2020 ఏప్రిల్ 1న బీఎస్-6 కాలుష్య ప్రమాణాలు రాగానే మారుతి తన కార్లలో డీజిల్ ఇంజన్ మానేసింది. చిన్న డీజిల్ ఇంజన్‌ని ఆ ప్రమాణాలకి తేవాలంటే ఖర్చు గిట్టదని లెక్క తేలింది. లారీలు, ట్రాక్టర్లు, జనరేటర్లలో డీజిల్ ఇంకా చాలా ఏళ్ళు ఉంటుంది. కానీ బ్యాటరీ బండిలో ఇంజెక్టరు ఉండదు, ఇంధన పంపు ఉండదు. కాబట్టి వాళ్ళు చెప్పే కొత్త పార్టు ఏ బండికో, ఏ ఇంజన్‌కో ముందు అడగండి. చెప్పడానికి నీళ్ళు నమిలితే అక్కడితో బేరం ఆపండి.

చెబితే మాత్రం ఇవి అడగండి. ఫిక్చరు, టూలింగు ఖర్చు వాళ్ళు పెట్టాలి. కనీసం మూడేళ్ళకి ఇన్ని పీసులని రాతపూర్వకంగా కావాలి. ఇవి రెండూ కుదరవంటే మెషీన్ వాళ్ళే కొని మీ షెడ్డులో పెట్టమనండి, మీరు పనికి మాత్రం రేటు తీసుకుంటారు. ఇలా చేసే కంపెనీలున్నాయి. మెషీన్ మీరే కొనాల్సి వస్తే ఆ ఒక్క పార్టుకే పనికొచ్చేది కాకుండా సాధారణ వీఎంసీ కొనండి. రెండో షిఫ్టు బయటివాళ్ళకని మొదటి రోజే ముందుగా చెప్పండి.

వంద రోజుల బిల్లు సంగతి. 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న యూనిట్లకి ఒప్పందం ఉంటే ఎక్కువలో ఎక్కువ 45 రోజుల్లో, ఒప్పందం లేకపోతే 15 రోజుల్లో డబ్బివ్వాలి. దాటితే రిజర్వ్ బ్యాంక్ ప్రకటించే బ్యాంకు రేటుకి మూడింతల చక్రవడ్డీ. ఆదాయపు పన్ను చట్టంలోనూ 2023-24 నుంచి, ఆ గడువు దాటిన బకాయిని నిజంగా కట్టిన ఏడాదిలోనే కొనేవాడు ఖర్చుగా చూపుకోవాలని పెట్టారు. చట్టం మీ పక్షానే ఉంది. అయినా బిల్లు ఆలస్యం మీద ప్రభుత్వ పోర్టల్లో ఫిర్యాదు పెట్టమంటే మీరు పెట్టరని నాకు తెలుసు. 80 శాతం ఆర్డరిచ్చేవాడి మీద ఎవరు పెడతారు? అందుకే ట్రెడ్స్ అనే ఆన్‌లైన్ బిల్లుల వేదిక చూడమంటున్నాను. మీ బిల్లుని కంపెనీ ఆన్‌లైన్లో ఒప్పుకుంటే బ్యాంకులు దాన్ని వేలంలో పాడుకుని కొద్ది రోజుల్లో డబ్బిస్తాయి. కంపెనీ తర్వాత కట్టకపోయినా మీ మీదకి రారు. 250 కోట్ల టర్నోవర్ దాటిన కంపెనీలు అందులో చేరి తీరాలని 2024 నవంబరులో నోటిఫికేషన్ ఇచ్చారు. చిన్న పరిశ్రమలకిచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉంటే మీరు చేరొచ్చు. ఇది గొడవ కాదు కాబట్టి పర్చేజ్ మేనేజరు మొహం కూడా మాడదు.

రెండేళ్ళలో 80ని 60కి దించాలని పెట్టుకోండి. ఆ తగ్గే ఇరవై కోసం ఇప్పటి నుంచే వారంలో ఒకరోజు మీరు షాపు వదిలి తిరగాలి. మిగతావన్నీ మీ సూపర్‌వైజరు చూసుకుంటాడు.

*మా తాత కుప్పం నుంచి కోలార్ గనికి వచ్చారు. మాకు అండర్సన్‌పేటలో చిన్న ఇల్లుంది. నేను రోజూ రైల్లో బెంగళూరు వచ్చి ఒక మాల్‌లో పనిచేస్తున్నాను. గనులు మళ్ళీ తెరుస్తారని అందరూ అంటున్నారు. ఇల్లు అమ్మకుండా ఆగనా అక్కా?*

ఇల్లు అమ్మాలా వద్దా అన్నది వేరు, గని కోసం ఆగడం వేరు. గని కోసమైతే ఆగొద్దు తమ్ముడూ.

భారత్ గోల్డ్ మైన్స్ 2001 ఫిబ్రవరి 28న మూతపడింది. మూడు కిలోమీటర్లకి మించి లోతుకి దిగితే గానీ రాయి రాదు, ఆ రాయిలో బంగారం ఏటా తగ్గుతూ వచ్చింది, తీసే ఖర్చు అమ్మే ధరని దాటిపోయింది. 2024లో కర్ణాటక మంత్రివర్గం ఒప్పుకున్నది, బయట పోసిన పాత దిబ్బల్లో మిగిలిన బంగారం తీసే ప్రతిపాదనకి. ఆ పనికి జేసీబీలు, టిప్పర్లు, ఒక ప్లాంటు కావాలి. మీ తాతలా వేలమంది లోపలికి దిగే పని కాదది.

మీ ఊరి కష్టం మామూలు ఊళ్ళకి రాదు. శివనసముద్రం నుంచి 1902లో కరెంటు మొదట వచ్చింది బెంగళూరుకి కాదు, మీ గనులకి. క్వార్టర్సు గనివే, ఆసుపత్రి గనిదే, నీళ్ళు కూడా గని వేసిన పైపుల్లోనే. జీతమొక్కటే పోయిన ఊళ్ళు తేరుకుంటాయి. మీ దగ్గర జీతంతో పాటు ఊరిని నడిపేవాడే పోయాడు. ఆ తర్వాత మీవాళ్ళంతా రైలెక్కి బెంగళూరు మీద పడ్డారు. తెల్లవారుజామున మారికుప్పం నుంచి బయల్దేరే బండి చూస్తే తెలుస్తుంది. పక్కనే బీఈఎంఎల్ ఫ్యాక్టరీ ఉంది కాబట్టి ఆ మాత్రమైనా నిలబడింది.

ఇల్లు ఉంచుకో. అద్దెకివ్వడం కుదరకపోయినా, బెంగళూరులో ఉద్యోగం పోయిన నెలలో తలదాచుకోవడానికి పనికొస్తుంది. చుట్టుపక్కల తీసుకున్న అప్పు కోసం మాత్రం దాన్ని తాకట్టు పెట్టకు.

*ఎలక్ట్రానిక్ సిటీలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం నాది. నాన్న కొండపి దగ్గర పొగాకు రైతు, ఆకు కాల్చే బ్యారన్ ఒకటి ఉంది. క్యాన్సర్ తెచ్చే పంట, మానేయమంటే వినరు. ఆయన మొండితనం ఎలా పోగొట్టాలి ఆంటీ?*

ఆయన మొండివాడో కాదో నాకు తెలియదు. మీ నాన్న చేసేది మాత్రం లెక్క ప్రకారమే చేస్తున్నాడు.

పొగాకు బోర్డు 1976లో వచ్చింది. ఆంధ్రలో 1985 నుంచి వేలం పద్ధతి నడుస్తోంది. రైతుకి రిజిస్ట్రేషన్, బ్యారన్‌కి లైసెన్సు, ఎంత పండించాలో కోటా. పంట పెట్టుబడికి బోర్డే బ్యాంకుల్లో అప్పు ఇప్పిస్తుంది. పొగాకు బేళ్ళు (కట్టలు) వేలం కేంద్రానికి వెళ్తే అమ్మిన డబ్బులోంచి ఆ అప్పు పట్టుకుని మిగిలింది ఖాతాలో వేస్తారు. అప్పిచ్చే చోటు, అమ్మే చోటు, వసూలు చేసే చోటు ఒక్కటే. బ్యాంకులో పనిచేసినదాన్ని, ఇంత సులువుగా వసూలయ్యే పంట అప్పు ఇంకోటి చూపించు. కందికో మినుముకో ఇలాంటి ఏర్పాటు ఎక్కడుంది?

దానికి తోడు బ్యారన్. లక్షలు పెట్టి కట్టిన ఆ గోడల్లో పొగాకు తప్ప ఇంకేం కాలుస్తారు? ఆకు కర్రలకి కట్టి, బ్యారన్ నింపి, దగ్గర దగ్గర వారం పాటు వేడి కొంచెం కొంచెంగా పెంచుతూ, రాత్రుళ్ళు అక్కడే మంచం వేసుకుని పడుకుంటారు. వేడి ఒక్క పూట లెక్క తప్పితే పసుపు రావాల్సిన ఆకు మాడిపోతుంది, గ్రేడు పడిపోతుంది. ఆ కంటిచూపు మీ నాన్నకి ముప్పై, నలభై ఏళ్ళలో వచ్చి ఉంటుంది. దానికి వేలం కేంద్రంలో తప్ప ఇంకెక్కడా ధర లేదు. ఆయన ఒక్కడే కాదు, ఆకు కట్టే ఆడవాళ్ళు, పుల్లలు తోలేవాళ్ళు, ఒంగోలు, గుంటూరు, చిలకలూరిపేట గోడౌన్లలో గ్రేడింగ్ చేసేవాళ్ళు అందరి కూలీ ఆ బేలు మీదే ఆధారపడి ఉంది. వేలంలో "నో బిడ్" అని పక్కన పెట్టిన బేలు ఇంటికి తిరిగొచ్చిన సాయంత్రం మీ ఇల్లు ఎలా ఉంటుందో నీకు గుర్తుండే ఉంటుంది. కొనేవాళ్ళు కొద్దిమంది, అమ్మేవాళ్ళు వేలమంది. అయినా రైతు మళ్ళీ అక్కడికే వెళ్తాడు, ఎందుకంటే మిగతా పంటలకి ఆ కొద్దిమంది కూడా లేరు.

సర్కారు తీరూ అలాగే ఉంది. ఒక శాఖ సిగరెట్ పెట్టె మీద 85 శాతం భయంకరమైన బొమ్మలు వేయమంటుంది. వాణిజ్య శాఖ కింద ఉన్న బోర్డు ఆ ఆకుకే ఎగుమతులు వెతుకుతుంది. సిగరెట్లు చేసే ఐటీసీలో ఎల్ఐసీకి పెద్ద వాటా ఉంది, ఆ పాలసీ మన ఇళ్ళలోనూ ఉంది. పొగాకు నియంత్రణ మీద అంతర్జాతీయ ఒప్పందం మన దేశంలో 2005 నుంచి అమల్లో ఉంది. రైతులకి వేరే బతుకుతెరువు చూపించాలని దాని 17వ అధికరణంలో రాసే ఉంది. సిగరెట్ మీద పన్ను పెంచుతామన్నప్పుడల్లా కంపెనీలు ముందుకు తోసేది మీ నాన్నలాంటి రైతులనే. ధర పడినప్పుడు మాత్రం ఆ రైతు రోడ్డు మీద ఒక్కడే కూర్చుంటాడు.

సుబాబుల్, జామాయిల్ వేయమని సలహా ఇస్తావేమో. అవి కొనేది కాగితం మిల్లులు, వాటి ధరల గొడవ పొగాకుకి తీసిపోదు.

నీ జీతంతో ఒక పని చేయొచ్చు. ఈ సీజన్ పంట అప్పు బ్యాంకులో కాకుండా నువ్వివ్వు, వడ్డీ లేకుండా. వచ్చే ఏడు అప్పు లేని చేతులతో ఆయన విత్తనం ఎంచుకుంటాడు. మొదట పావు వంతు భూమిలో శనగ. గిట్టకపోతే ఆ నష్టం నీది, ఆయనది కాదని ముందే చెప్పు. బోరు వేయించే ఆలోచన ఉంటే భూగర్భ జలాల వాళ్ళతో సర్వే చేయించాకే వేయించు. క్యాన్సర్ లెక్చర్ ఇవ్వకు. పొగలో కూర్చుని ఆకు కాల్చేవాడికి నీకంటే బాగా తెలుసు.

*హెచ్ఎస్ఆర్ లేఅవుట్‌లో ఇంట్లోనే కర్రీ పాయింట్ నడుపుతున్నాను, నెల్లూరు వంటలు. రోజూ 70 మంది వస్తారు. ఒక కంపెనీ కెఫెటేరియా కాంట్రాక్టర్ రోజుకి 300 భోజనాలు అడుగుతున్నాడు, ఒక్కోటి 70 రూపాయలు. నెలాఖరుకి బిల్లు పెడితే 60 రోజులకి డబ్బు. మా ఆయన పెద్ద గ్రైండర్, ఇంకో వంట మనిషి అంటున్నారు. ఏం చేయమంటారు?*

అమ్మా, నెలకి 22 పనిరోజులనుకున్నా మొదటి డబ్బు చేతికి రావడానికి మూడు నెలలు పడుతుంది. అప్పటికి మీరు 19,800 భోజనాలు వండి పంపి ఉంటారు. సరుకు, గ్యాసు, మనుషులు కలిపి ఒక్కోటి 50 పడినా మీరు పెట్టింది 9 లక్షల 90 వేలు. అంత డబ్బు ఆయనకి మీరు అప్పిస్తున్నట్టే, అదీ వడ్డీ లేకుండా.

రోజుకి వందతో మొదలుపెట్టండి. పదిహేను రోజులకోసారి బిల్లు, ఏడు రోజుల్లో డబ్బు. ఒప్పుకోకపోతే వదిలేయండి, ఇంకో కాంట్రాక్టర్ వస్తాడు. ఒప్పుకుంటే రెండు బిల్లుల డబ్బు ఖాతాలో పడ్డాకే గ్రైండర్ బేరం చేయండి. సాయంత్రం కర్రీ పాయింట్ మాత్రం మూయొద్దు. వంద భోజనాల పనిలో అలిసిపోయి ఆ డెబ్బై మందికి వారం పాటు పప్పు పలచబడిందంటే, వాళ్ళు పక్క వీధికి వెళ్ళిపోతారు. ఆహార భద్రత సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ రిజిస్ట్రేషనో లైసెన్సో ఉందో లేదో మీరు రాయలేదు. లేకపోతే ముందు అది తీసుకోండి.